ఫోన్ గట్టిగా మోగింది, మరి ఇప్పుడేం చేయాలి? విపత్తు హెచ్చరికను చదువుకుని కదలడం ఎలా

2023లో దేశమంతా విడతలవారీగా ఫోన్లు ఒక్కసారిగా బజర్ కొట్టినట్టు మోగిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇది నమూనా పరీక్ష సందేశమని, పట్టించుకోవద్దని తెరమీద కనిపించింది. కొందరు ఫోన్ హ్యాక్ అయిందనుకున్నారు. కొందరు స్విచాఫ్ చేశారు. చాలామంది ఆ హెచ్చరికను సెట్టింగ్స్‌లో ఆపేసి, మళ్లీ ఆ సంగతే మర్చిపోయారు.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పది వేల మందికి పైగా పోయారు. ఊళ్లకు ఊళ్లు ముందే ఖాళీ చేయించే యంత్రాంగం అప్పట్లో లేదు. ఇప్పుడు ఆ పరిస్థితి లేదు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను గురించి రోజుల ముందే అందరికీ తెలుసు. మన దగ్గర ఇప్పుడు కబురు అందకపోవడం కన్నా, అందిన కబురు తన ఇంటికి ఎలా వర్తిస్తుందో మనిషికి తెలియకపోవడమే పెద్ద లోటని నేననుకుంటాను. వాతావరణ శాఖ జిల్లాకు చెబుతుంది, జలవనరుల శాఖ నదికి చెబుతుంది. మీ వీధికి ఎవరూ చెప్పరు. ఆ లెక్క మీరే ముందుగా వేసిపెట్టుకోవాలి. దానికి ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు.

1. మీ ఇంటికి ఏది ప్రమాదమో రాసుకోండి

కాగితం మీద రాయండి, మనసులో అనుకుంటే కుదరదు. సముద్రం ఎంత దూరం? నది, వాగు, చెరువు కట్ట, పెద్ద డ్రెయిన్ ఏది దగ్గర? గాలి వాలులో రసాయన ఫ్యాక్టరీ ఉందా? పొలం పనికి వెళ్లేవాళ్లు ఇంట్లో ఉన్నారా? ఉంటే పిడుగు కూడా జాబితాలోకి వస్తుంది.

ఇక్కడ తొందరపడితే తప్పు ప్రమాదం వైపు చూస్తూ కూర్చుంటాం. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో జరిగింది అదే. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద రికార్డు సృష్టిస్తోంటే అందరి కళ్లూ కృష్ణ మీదే. నగరంలోని సింగ్‌నగర్‌ను ముంచింది మాత్రం గట్లు తెగిన బుడమేరు వాగు. పెద్ద నదికి అంకెలున్నాయి, రంగులున్నాయి, టీవీలో స్క్రోలింగ్ ఉంది. వాగుకు చాలాచోట్ల అవేమీ ఉండవు. మీది వాగు పక్క ఇల్లయితే నది హెచ్చరికను నమ్ముకోకండి. పైన ఎంత వాన పడుతోందన్నదే మీకు హెచ్చరిక.

2. ఫోన్‌ను సిద్ధం చేయండి

అత్యవసర సందేశాలు ఫోన్‌కు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి మామూలు ఎస్సెమ్మెస్. ఫలానా మండలంలోని నంబర్లన్నింటికీ ఒక్కొక్కటిగా వెళ్తుంది, రద్దీ ఉంటే ఆలస్యమవుతుంది. రెండోది సెల్ బ్రాడ్‌కాస్ట్. ఇందులో మీ నంబరుతో పనిలేదు. ఎంపిక చేసిన ప్రాంతంలోని టవర్లు రేడియో స్టేషన్‌లా ఒకేసారి ప్రసారం చేస్తాయి, వాటి పరిధిలోని ఫోన్లన్నీ మోగుతాయి. ఇంటర్నెట్ అక్కర్లేదు, నెట్‌వర్క్ రద్దీ అడ్డురాదు. పక్క రాష్ట్రం సిమ్ ఉన్నా, ఆ సమయానికి ఆ టవర్ కింద ఉంటే చాలు. ఫ్లైట్ మోడ్‌లో ఉన్న ఫోన్‌కు మాత్రం రాదు.

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ తెరిచి, పైన వెతికే గడిలో 'వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్' అని కొట్టండి. కంపెనీని బట్టి ఆ మెనూ వేర్వేరు చోట్ల దాక్కుని ఉంటుంది కాబట్టి వెతకడమే సులువు. లోపల కనిపించే స్విచ్‌లన్నీ ఆన్ చేయండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, ఆపైన నోటిఫికేషన్స్, అక్కడ కిందిదాకా జరిపితే ప్రభుత్వ హెచ్చరికల స్విచ్‌లు కనిపిస్తాయి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లు కూడా తీసుకుని చూడండి. ఆఫ్ చేసి ఉండేవి ఎక్కువగా వాళ్లవే, అదీ మనం ఆఫ్ చేసి ఇచ్చినవే. పాత కీప్యాడ్ ఫోన్లలో ఆ శబ్దం వస్తుందన్న భరోసా లేదు.

తర్వాత రెండు యాప్‌లు వేసుకోండి. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 'సచేత్'లో మీ ప్రాంతాన్ని ఎంచుకుంటే వాన, వరద, పిడుగు హెచ్చరికలన్నీ ఒకేచోట వస్తాయి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ రూపొందించిన 'దామిని' పిడుగుల కోసం. వీటికి లొకేషన్ అనుమతి ఇవ్వాలి, బ్యాటరీ సేవర్ నుంచి మినహాయించాలి. ఆ రెండో పని చేయకపోతే ఫోన్ ఆ యాప్‌ను నిద్రపుచ్చుతుంది. మీకు మాత్రం అది పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది.

3. 'మూడో హెచ్చరిక' అంటే ఎక్కడి మూడో చూడండి

ఎక్కువ గందరగోళం ఇక్కడే, కాస్త నిదానంగా చదవండి. మన వార్తల్లో మూడు వేర్వేరు కొలమానాలు కలగలిసిపోతుంటాయి.

మొదటిది రేవు నంబరు. 'కాకినాడ పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక' అని వింటాం. ఇది ఓడల కోసం ఎగరేసే సంకేతం, 1 నుంచి 11 దాకా ఉంటుంది. 1, 2 దూరంగా సముద్రంలో ఏదో ఉందని చెబుతాయి. 3, 4 రేవు దగ్గరే వాతావరణం చెడుతోందని. 5, 6, 7 ప్రమాదం. 8, 9, 10 మహా ప్రమాదం. ఈ మూడేసి నంబర్లలో తేడా తుపాను రేవుకు ఏ పక్కగా దాటుతుందన్నదే, తీవ్రత కాదు. అంటే 8 కన్నా 10 భయంకరమని కాదు. ఇక 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని.

రెండోది నది హెచ్చరిక. ఇది మూడు మెట్లే. 'భద్రాచలంలో మూడో ప్రమాద హెచ్చరిక' అంటే చివరి మెట్టు, చాలా తీవ్రం. రేవులో మూడు విని భయపడి, భద్రాచలంలో మూడు విని 'పదకొండు దాకా ఉందిగా' అనుకుంటే కొంప మునుగుతుంది.

మూడోది వాతావరణ శాఖ ఇచ్చే రంగు. ఆకుపచ్చకు ఏ చర్యా అక్కర్లేదు. పసుపు వస్తే గమనిస్తూ ఉండాలి, నారింజకు సిద్ధం కావాలి, ఎరుపుకు కదలాలి. వాన విషయంలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. అయితే రంగును ఎన్ని మిల్లీమీటర్లు పడుతుందన్న ఒక్కదాన్ని బట్టే ఇవ్వరు, ఎంత నష్టం జరగొచ్చన్నదీ చూస్తారు. పైగా ఆ రంగు జిల్లా మొత్తానికి. 'ఒకటి రెండు చోట్ల' అన్న మాట పక్కన ఉంటే జిల్లాలో పావు వంతు ప్రాంతానికి మించకపోవచ్చని అర్థం. ఎరుపు వేసి మీ ఊళ్లో చినుకు పడకపోతే వాతావరణ శాఖను తిట్టుకుంటాం. నలభై కిలోమీటర్ల అవతల ఊరు మునిగి ఉండవచ్చు.

4. తుపానుకు గంటలు లెక్కపెట్టుకోండి

అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను. ఈ వరుస అందరికీ అలవాటే. గాలి గంటకు 62 కిలోమీటర్లు దాటితే తుపాను అంటారు, దానికి పేరు వస్తుంది. మీరు లెక్కపెట్టాల్సింది మాత్రం పేరు కాదు, వాతావరణ శాఖ ఇచ్చే నాలుగు అంచెల హెచ్చరికలు.

తీరానికి ముప్పు 72 గంటల దూరంలో ఉందనగా మొదటి సూచన వస్తుంది. ఎక్కడ దాటుతుందో అప్పటికి స్పష్టత ఉండదు. మందుల చీటీ ప్రకారం రెండు వారాల మందులు కొనుక్కోవడం, ఏటీఎం నుంచి డబ్బు తీసుకోవడం ఆ రోజే అయిపోవాలి. కరెంటు పోతే యూపీఐ కూడా పోతుంది.

48 గంటల ముందు వచ్చేది పసుపు రంగు అప్రమత్తత. వేటకు వెళ్లినవాళ్లు ఒడ్డుకు చేరుతూ ఉండాలి. ఇంటి పత్రాలు, ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం ప్లాస్టిక్ కవర్లో కట్టి పెట్టుకోవాలి. ప్రసవానికి దగ్గరపడిన వాళ్లు ఉంటే ఆస్పత్రి ఉన్న ఊరికి వెళ్లిపోవడం మేలు. పశువులను గట్టు ప్రాంతానికి తోలాలి, అది కుదరకపోతే కనీసం కట్లు విప్పి ఉంచాలి.

24 గంటల ముందు వచ్చే నారింజ హెచ్చరికలో తీరం దాటే చోటు, సమయం, గాలి వేగం, ఉప్పెన ఎత్తు ఉంటాయి. పెంకుటిళ్లు, రేకుల షెడ్లు, గుడిసెల్లో ఉన్నవాళ్లు పునరావాస కేంద్రానికి కదలాల్సింది ఇక్కడే. ఎరుపు కోసం ఎదురుచూడొద్దు, అప్పటికి చెట్లు రోడ్డుకు అడ్డం పడి ఉంటాయి. ఈ ప్రకటన మొత్తంలో అందరూ గాలి వేగం చూస్తారు. తీరంలో ప్రాణాలు తీసేది మాత్రం ఎక్కువగా ఉప్పెన. 'సాధారణ ఆటుపోట్ల కన్నా ఇన్ని మీటర్ల ఎత్తున' అన్న వాక్యం కోసం వెతకండి.

నాలుగోది తీరం దాటడానికి 12 గంటల ముందు వచ్చే ఎరుపు. దాటాక లోపలి జిల్లాల్లో ఏం జరుగుతుందో చెప్పేది ఇదే. ఖమ్మం, వరంగల్ వైపు వాళ్లు చూడాల్సింది ఇది, చూడనిదీ ఇదే. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటింది. మర్నాడు వరంగల్, హనుమకొండ కాలనీలు నీట మునిగాయి.

తుపాను కన్ను మీ ఊరి మీదుగా పోతే గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది, ఒక్కోసారి ఎండ కూడా వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నాడు విశాఖ ఇది చూసింది. కన్ను దాటగానే ఎదుటి దిక్కు నుంచి అంతే బలంగా గాలి మళ్లీ కొడుతుంది. తుపాను దాటిపోయిందని అధికారులు చెప్పేదాకా తలుపు తీయకండి.

5. నదికి మీ దారి అంకె కనుక్కోండి

భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులు. ప్రవాహం చొప్పున చూస్తే సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్ల పైచిలుకు నీరు. పది లక్షలంటే ఎంతో గుణించి చూస్తే, లంకల్లో ఉన్నవాళ్లకు నిద్ర పట్టదు.

ఈ అంకెలు టీవీలో చూస్తాం. మరి మీ ఇంటి అంకె ఎంత? పెద్దవాళ్లను అడగండి. భద్రాచలంలో 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. ఆ రెండుసార్లు నీళ్లు మీ గోడమీద ఎక్కడిదాకా వచ్చాయి? గుడి మెట్లమీదో, బడి గోడమీదో ఎవరైనా గీత గీసి ఉంటారు. దాన్నిబట్టి మీ గుమ్మానికి నీళ్లు రావాలంటే భద్రాచలంలో దాదాపు ఎన్ని అడుగులు ఉండాలో తేలుతుంది.

అంతకన్నా ముఖ్యమైనది మీ దారి అంకె. ఇల్లు మునగడానికి ఎంతో ముందు రోడ్డు మునుగుతుంది. కల్వర్టు మీదికో, కాజ్‌వే మీదికో నీళ్లు ఎక్కితే ఊరు ద్వీపమవుతుంది. ఉదాహరణకు మీ ఇల్లు 53 అడుగులకు, మీ రోడ్డు 50కే మునుగుతాయనుకుందాం. ఉదయం 6 గంటలకు 46 అడుగులున్న నది 10 గంటలకు 48కి వచ్చింది. గంటకు అర అడుగు చొప్పున పెరుగుతోంది. ఇంటికి పది గంటలు టైముందని కూర్చుంటే మోసపోతారు. రోడ్డుకు నాలుగు గంటలే ఉంది. మధ్యాహ్నం రెండింటికి దారి మూసుకుపోతుంది. పైనుంచి ఎక్కువ వదిలితే ఇంకా ముందే.

అందుకే రెండో హెచ్చరిక వచ్చిందా లేదా అన్నదానికన్నా గంటకు ఎంత పెరుగుతోందన్నది చూడండి. ఎగువన గేట్లు ఎన్ని ఎత్తారో చూడండి. కూనవరం, చింతూరు వైపు వాళ్లు గోదావరితోపాటు శబరినీ చూడాలి. ఉధృతంగా ఉన్న గోదావరి శబరి నీటిని వెనక్కి నెడుతుంది కాబట్టి భద్రాచలం అంకె ఒక్కటే వాళ్లకు సరిపోదు.

ప్రాజెక్టు కింద నది ఒడ్డున ఉండేవాళ్లకూ, సరదాగా నదిలో దిగేవాళ్లకూ మరో మాట. గేట్లు ఎత్తేముందు సైరన్ వేయాలి. ప్రతిచోటా వేస్తారని, వేసినా వినపడుతుందని మాత్రం అనుకోవద్దు. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో లార్జి డ్యాం నుంచి ఒక్కసారిగా వదిలిన నీటికి బియాస్ నదిలో హైదరాబాద్ నుంచి వెళ్లిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. డ్యాం దిగువన నీళ్లు తక్కువగా ఉన్న రాళ్లమీద నిలబడి ఫొటోలు దిగడం ఎక్కడైనా ప్రమాదమే.

6. నిమిషాల్లో తేలిపోయేవి

వీటికి ఆలోచించే టైము ఉండదు. ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి.

పిడుగు సందేశం వస్తే పొలంలో ఉన్నవాళ్లు పక్కా భవనంలోకి వెళ్లాలి, లేదా తలుపులు మూసిన కారులో కూర్చోవాలి. చెట్టు కిందికి వద్దు, రేకుల పందిరి కిందికి వద్దు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల లోపే ఉంటే పిడుగు మీదాకా రాగలదు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటకు రండి. వాన తగ్గగానే నాట్లకు దిగడం మన దగ్గర మామూలే. పిడుగు వాన అంచులోనూ పడుతుంది.

సునామీకి 2004 డిసెంబరు 26న మన తీరానికి రెండు గంటలకు పైగా వ్యవధి ఉంది, చెప్పే వ్యవస్థే లేదు. 2007 నుంచి హైదరాబాద్ ప్రగతినగర్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం 'ఇన్‌కాయిస్' ఆ పని చేస్తోంది. సముద్రం అడుగున భూకంపం వచ్చిన పది నిమిషాల్లోపే మొదటి ప్రకటన ఇస్తుంది. ఆ తర్వాత సముద్రగర్భంలోని పీడన పరికరాలు, తీరంలోని అలల కొలబద్దలు చూసి ధ్రువీకరిస్తుంది, లేదా ఉపసంహరిస్తుంది. ఉపసంహరించారంటే మొదటిది అబద్ధమని కాదు. సముద్రం ఉన్నట్టుండి లోపలికి వెనక్కి పోతే ఏ సందేశం కోసమూ ఆగకుండా ఎత్తైన చోటికి పరుగెత్తండి.

గ్యాస్ లీకేజీకి ఫ్యాక్టరీ సైరనే మొదటి హెచ్చరిక. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చినప్పుడు ఆ సైరన్ మోగలేదు. కనీసం 12 మంది చనిపోయారు. కాబట్టి వాసన, కళ్ల మంట, పక్షులు పడిపోవడం, ఇవే మీకు సైరన్. గాలి వీస్తున్న దిక్కుకు అడ్డంగా, అంటే పక్కకు నడవండి. గాలితోపాటు పరుగెత్తితే గ్యాస్ కూడా మీ వెంటే వస్తుంది. స్టైరీన్ వంటివి గాలికన్నా బరువైనవి, పల్లంలో పేరుకుంటాయి, కాలువలో దాక్కోవద్దు. తడిగుడ్డ ముక్కుకు పెట్టుకోండి. బండి స్టార్ట్ చేయడం కన్నా నడవడమే క్షేమం.

భూకంపానికి మన దగ్గర చెప్పుకోదగ్గ ముందస్తు వ్యవస్థ లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లు కొన్ని సెకన్ల ముందు చెప్పగలవు, అదీ కేంద్రానికి కొంచెం దూరంగా ఉంటేనే. బల్ల కిందికి దూరడానికి అవి చాలు.

యుద్ధ సైరన్ల సంగతి ఒక్క ముక్కలో చెప్పుకోవచ్చు. 2025 మే 7న హైదరాబాద్, విశాఖల్లో మాక్ డ్రిల్ చేశారు. హెచ్చుతగ్గులతో ఊగుతూ మోగితే ప్రమాదం, లోపలికి వెళ్లండి. ఒకే స్థాయిలో నిలకడగా మోగితే ముప్పు తప్పిందని.

7. టవర్ పడిపోతే, ఫోన్ లేకపోతే

హుద్‌హుద్ తర్వాత విశాఖలో రోజుల తరబడి ఫోన్లు సరిగా పనిచేయలేదు. సెల్ బ్రాడ్‌కాస్ట్ ఎంత గొప్పదైనా టవర్ నిలబడి, దానికి కరెంటు ఉన్నంతవరకే. ఇంట్లో పెన్సిల్ సెల్స్‌తో నడిచే చిన్న రేడియో ఒకటి ఉంచండి. ఆకాశవాణి విజయవాడ ఉదయం 6.45 ప్రాంతీయ వార్తలను మన తాతల కాలం నాటి వ్యవహారంగా చూడకండి. ఆ రోజుల్లో మిగిలేది అదే. సముద్రంలో లోతుకు వెళ్లే మత్స్యకారులకు టవర్ అసలే అందదు. ఇన్‌కాయిస్ పంపే హెచ్చరికలను 'జెమిని' పరికరం ఉపగ్రహం ద్వారా 300 నాటికల్ మైళ్ల దూరంలోనూ అందుకుంటుంది. బోటులో అది గానీ, వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్ గానీ లేకుండా రోజుల తరబడి వేటకు పోవద్దు.

ఊళ్లో చెవులు వినపడని పెద్దాయన, ఒంటరి ముసలమ్మ, ఇటుక బట్టీలో ఒడిశా కూలీలు ఉంటారు. బట్టీలో వాళ్లకు తెలుగు సందేశం చదవరాదు. మైకు, దండోరా ఇప్పటికీ అందుకే కావాలి. మీ వీధిలో ఎవరి తలుపు ఎవరు తట్టాలో పేర్లతో రాసుకోండి. 'అందరికీ చెప్పేద్దాం' అనుకుంటే ఎవరికీ చెప్పరు.

వాట్సాప్‌లో వచ్చే 'డ్యాం తెగింది, వెంటనే పంపండి' మీద ఒక్క నిమిషం ఆగండి. నిజమైన ప్రకటనకు తేదీ, సమయం, ఇచ్చిన సంస్థ పేరు ఉంటాయి. ప్రభుత్వ ఎస్సెమ్మెస్ అయితే పంపినవారి పేరు చివర 'జీ' అక్షరం కనిపిస్తుంది. అనుమానం ఉంటే 112కు గానీ, రాష్ట్ర కంట్రోల్ రూం 1070కు గానీ, జిల్లా కంట్రోల్ రూం 1077కు గానీ ఫోన్ చేయండి. అయితే నీళ్లు కళ్లముందు పెరుగుతుంటే ధ్రువీకరణ కోసం ఎదురుచూడొద్దు.

8. ముప్పు తప్పిందన్నాక

కబురు అధికారికంగా వచ్చాకే ఇంటికి బయల్దేరండి, పగటి పూట వెళ్లండి. వీధిలో తెగిపడ్డ తీగ ఏదైనా కరెంటు ఉన్నట్టే లెక్క. ఇంట్లో తడి ఆరేదాకా మెయిన్ వేయకండి, లైన్‌మన్ వచ్చి చూశాకే వేయండి. ఉప్పెన నీరు తగిలిన స్విచ్‌బోర్డు పైకి ఆరినట్టున్నా లోపల ఉప్పు పట్టి ఉంటుంది, మార్చేయాల్సిందే. కర్రతో చప్పుడు చేస్తూ లోపలికి వెళ్లండి, వరదకు పాములు అటకెక్కుతాయి. బావి, బోరు నీళ్లు క్లోరిన్ వేసి, కాచి తాగండి. గోడమీద నీటి గీత ఆరిపోకముందే దాని పక్కన మేకుతో గీసి, ఆ రోజు నదిలో ఎన్ని అడుగులుందో రాయండి. రోడ్డు ఏ గంటకు మునిగిందో కూడా రాయండి.